నల్ల గచ్చుకు సబ్సిడీ ఇవ్వాలి

విశాఖ జనానికి బొత్తిగా కృతజ్ఞత లేదు. 1933లో ఓడరేవు తెరిచిన దగ్గర్నుంచీ ఊరికి ఏదో ఒకటి ఇస్తూనే ఉన్నారు. 1957లో రిఫైనరీ, తర్వాత ఎరువులు, జింకు, ఉక్కు. పాతనగరం, జ్ఞానాపురం వాళ్లకైతే ఓడరేవులోని బొగ్గు కుప్పల నుంచి బొగ్గుపొడి డోర్ డెలివరీ. రేషన్ కార్డు అడగరు, వేలిముద్ర వెయ్యమనరు. అయినా ఆ ఇళ్ల ఆడవాళ్లు గచ్చు తుడిచిన గుడ్డ పట్టుకొచ్చి నిలదీస్తారు. కుప్పల మీద నీళ్లు చల్లుతున్నారు, టార్పాలిన్లు కప్పుతున్నారు, ఇంకేం చెయ్యాలి?

అసలు తప్పంతా కొండలది. యారాడ, కైలాసగిరి, సింహాచలం కొండలు చుట్టూ చేరి ఊరిని గిన్నెలా చేశాయి. చలికాలం వస్తే పొగ పైకి పోదు, పక్కకీ పోదు. రుషికొండకు గుండు కొట్టి చూశాం, గాలి మారలేదు. మిగతావాటినీ వరుసలో నిలబెట్టాలేమో!

2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పారిశ్రామిక ప్రాంతాల కాలుష్యానికి మార్కులు వేసింది. 70 దాటితే అతి తీవ్రం, మనకు 70.82 వచ్చింది. పదో తరగతి పిల్లాడికి అన్ని వస్తే స్వీట్లు పంచుతాం. ఇక్కడ మాత్రం మరుసటి ఏడు కొత్త ప్రాజెక్టులు ఆపేశారు.

2019లో నగరాల గాలిని శుభ్రం చేస్తామంటూ కేంద్రం పథకం, నేషనల్ క్లీన్ ఎయిర్ ప్రోగ్రామ్ వచ్చింది. 2024 కల్లా గాల్లో దుమ్మూధూళీ 20 నుంచి 30 శాతం తగ్గించాలన్నారు. ఆ గడువు రాకముందే లక్ష్యాన్ని 40కి పెంచి, గడువును 2026కు జరిపారు. ఈ పథకం కింద దేశమంతా కలిపి ఖర్చు చేసిన డబ్బులో 64 శాతం రోడ్డు దుమ్ముకే పోయిందని 2024లో సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ అనే పర్యావరణ పరిశోధన సంస్థ లెక్క తేల్చింది. పరిశ్రమల మీద పెట్టింది 0.61 శాతం. న్యాయమే. రోడ్డుకు నోటీసిస్తే కోర్టుకెళ్లదు, యూనియన్ పెట్టదు, ఎన్నికలకు చందా ఇవ్వదు.

ఊపిరితిత్తుల లోతుల్లోకి దిగే అతి సన్నటి ధూళి, పీఎం 2.5 సంగతి అంటారా? ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘనపు మీటరుకు ఏడాది సగటు 10 మైక్రోగ్రాములు దాటకూడదని 2005లో చెప్పి, 2021లో 5 అంది. చపలచిత్తం! మనం 2009లో 40 అన్నాం, ఇప్పటికీ 40 అనే అంటున్నాం. మాట మీద నిలబడటమంటే అదీ.

కాబట్టి నా సూచన ఒక్కటే. పాతనగరంలో తెల్ల చొక్కాలు, తెల్ల టైల్స్ నిషేధించి, నల్ల గచ్చుకు, నల్ల కర్టెన్లకు సబ్సిడీ ఇవ్వాలి. ఫిర్యాదులు నెల తిరక్కుండా తగ్గుతాయి. డబ్బెక్కడిదంటారా, ఆ 0.61 శాతంలోంచి తీసుకోవచ్చు.