ఊరికో యానాం ఉండాలి

యానాం చరిత్ర అనగానే మనవాళ్లు ఫ్రెంచి సేనాని బుస్సీ దొర దగ్గర మొదలుపెడతారు. 1723లో ఫ్రెంచివాళ్లు గౌతమి ఒడ్డున కొట్టు తెరిచారు, నాలుగేళ్లకే బేరాల్లేవని మూసేశారు, తరవాత మళ్లీ తెరిచారు. ఐరోపాలో ఇంగ్లీషు వాడికీ ఫ్రెంచి వాడికీ చెడినప్పుడల్లా ఇక్కడ ఇంగ్లీషు వాడు యానాం లాక్కునేవాడు. అక్కడ రాజీ కుదిరితే తిరిగిచ్చేవాడు. తోడికోడళ్ల మధ్య జల్లెడ తిరిగినట్టు ఊరు చేతులు మారింది. ఇదంతా పోటీ పరీక్షల వాళ్లకి అక్కరకొస్తుంది.

నన్నడిగితే యానాం అసలు చరిత్ర 1930 ఏప్రిల్ 1న మొదలైంది. బ్రిటిషిండియాలో శారదా చట్టం అమల్లోకి వచ్చిన రోజది. ఆడపిల్లకి 14, మగపిల్లాడికి 18 నిండకుండా పెళ్లి చేస్తే నేరమంది చట్టం. ధర్మం నాలుగు పాదాలా కుంటిదైపోయిందని పెద్దలు గుండెలు బాదుకుంటుంటే, ఎవరో పుణ్యాత్ముడికి గుర్తొచ్చింది: సరిహద్దు ఊరు నీలపల్లి దాటితే ఫ్రాన్సు కదా! ఇంగ్లీషు వాడి చట్టం అక్కడ చెల్లదు కదా!

ఇంకేముంది, గోదావరి జిల్లాల పెళ్లివారంతా యానాం దారి పట్టారు. ఈ గట్టున నేరం, ఆ గట్టున శుభకార్యం. పురోహితుడు అదే, మంత్రం అదే, పప్పూ అప్పడం కూడా అవే. ఊరికి కల్యాణపురం అన్న ముద్దుపేరు కూడా వచ్చింది. స్వేచ్ఛ, సమానత్వం, సోదరభావం అని ఫ్రెంచివాళ్లు లోకమంతా చాటారు గానీ వాటిని ఆచరణలో పెట్టింది మనమే. ఎనిమిదేళ్ల పిల్ల మెడలో పుస్తె కట్టే స్వేచ్ఛ. వైదికుడైనా భూస్వామైనా కాళ్లీడ్చుకుంటూ సరిహద్దు దాటాల్సిందే అన్న సమానత్వం. ఇక సోదరభావమంటారా, వియ్యంకులిద్దరూ ఒకే నేరానికి ఒకే చోట తలదాచుకోవడం కంటే సోదరభావం ఏముంటుంది?

పెళ్లికూతుళ్లని మాత్రం ఎవరూ ఏమీ అడిగినట్టు లేదు. అర్ధరాత్రి ముహూర్తానికి నిద్రలేపి పీటల మీద కూర్చోబెడితే ఆ పిల్లకి ఇంగ్లీషు రాజ్యమేదో ఫ్రెంచి రాజ్యమేదో ఏం తెలుస్తుంది? ఇదే గోదావరికి ఎగువన రాజమండ్రిలో, 1881లోనే వీరేశలింగం పంతులుగారు వితంతువుకి పెళ్లి చేయించి ఊళ్లో పెద్దల్ని పగ చేసుకున్నారు. యాభై ఏళ్లకి దిగువన మనం కొత్త వితంతువుల్ని ముందస్తుగా తయారుచేసుకున్నాం. నది మాత్రం ఎవరికీ కాదనకుండా చోటిచ్చింది.

పెళ్లిళ్లు లేని రోజుల్లో మంగళవారం సంత ఉండేది. పరదేశీ సరుకు కొనడానికి ఇవతలి జిల్లాల నుంచి జనం పోయేవారు. స్వదేశీ ఉద్యమంలో మా జిల్లావాళ్లు విదేశీ బట్టలు తగలబెట్టారంటే నమ్ముతాను. తగలబెట్టడానికైనా ముందు ఎక్కడో కొనాలి కదా.

ఇలాంటి సదుపాయాన్ని 1954 జూన్ 13న దడాల రఫేల్ రమణయ్యగారు తన మనుషులతో కలిసి ఫ్రెంచి జెండా దించి చెడగొట్టారు. ఆ నవంబరు 1న పాలన మన చేతికొచ్చింది. ఫ్రాన్సుతో ఒప్పందం మీద సంతకాలకి 1956 దాకా, అది కాగితం మీద అమల్లోకి రావడానికి 1962 ఆగస్టు 16 దాకా ఆగాల్సొచ్చింది. స్వతంత్రం ముందొచ్చింది, రశీదు ఎనిమిదేళ్లకొచ్చింది. మన ఆఫీసులకి ఆ అలవాటు ఎక్కడినుంచి అంటుకుందో ఇప్పుడర్థమైంది.

అయితే ఒప్పందం రాసినవాళ్లు దూరాలోచన గలవాళ్లు. జనం అభిప్రాయం తెలుసుకోకుండా యానాం, పుదుచ్చేరి లాంటి ఈ ఫ్రెంచి ఊళ్ల ప్రత్యేక ప్రతిపత్తి మార్చకూడదని పెట్టారు. అందుకే యానాం ఇవాళ్టికీ పుదుచ్చేరిదే. రాజధాని ఎనిమిది వందల కిలోమీటర్లకి పైమాట, పిన్‌కోడు మాత్రం 533తో మొదలవుతుంది, ఫోను కోడు కాకినాడది, బండి నంబరు పీవై. ముప్ఫై చదరపు కిలోమీటర్ల నేల మీద ఇంత గందరగోళాన్ని ఇంత పొందిగ్గా సర్దడం మామూలు పని కాదు.

పెళ్లిళ్ల గొడవ పోయింది, మందు మిగిలింది. 1995లో ఇవతల మద్యనిషేధం పెట్టినప్పుడు మా బాబాయి సభల్లో పూలదండ వేయించుకుని మరీ దాన్ని సమర్థించాడు. సాయంత్రమయ్యేసరికి యానాంలో ఉన్న చుట్టాల మీద ఆయనకి ప్రేమ ముంచుకొచ్చేది. ఆ చుట్టాల పేర్లు మా పిన్నికి ఇప్పటికీ తెలియవు.

కాబట్టి ప్రభుత్వంవారికి నా మనవి. చట్టం చేసినప్పుడల్లా పక్కనే యానాం ఒకటి కేటాయించండి. వరకట్నానికి ఒకటి, ఇసుకకి ఒకటి, కోడిపందాలకి ఒకటి. కోడిపందాలకి అక్కర్లేదంటారా, సరే. సంక్రాంతి మూడు రోజులూ కోనసీమ మొత్తం ఫ్రాన్సే.