మా నాయనమ్మ రైతు. కార్డు మీద అదే రాయాలి

ఇప్పుడే ఫ్యామిలీ గ్రూపులో గొడవపడి వచ్చాను. చేతులు ఇంకా వణుకుతున్నాయి. టైపింగ్‌లో తప్పులుంటే సర్దుకోండి.

వచ్చే గురువారం మా నాయనమ్మ నలభయ్యో రోజు. 91 ఏళ్లు బతికిన మనిషి. మేం కతోలిక క్రైస్తవులం, గుళ్లో, అంటే చర్చిలో, పూజ అయ్యాక పంచడానికి జ్ఞాపకార్థం కార్డు వేయిస్తున్నారు. పెదనాన్న కొడుకు డిజైన్ పంపాడు. పైన మరియమాత బొమ్మ, కింద నాయనమ్మ ఫొటో, పేరు, పుట్టిన తేదీ, పోయిన తేదీ. దాని కింద "గృహిణి, ఆదర్శ మాతృమూర్తి". 1994లో తాతయ్య పోయినప్పుడు వేయించిన కార్డు ఇప్పటికీ ఆమె ప్రార్థన పుస్తకంలోనే ఉంది. దాని మీద "రైతు, గుడి పెద్ద" అని ఉంటుంది. నేను అడిగింది ఒక్కటే. "అన్నయ్యా, నాయనమ్మకి కూడా రైతు అని వేయించు" అన్నాను. "ఆడవాళ్లని రైతు అంటారా ఎక్కడైనా? చూసినవాళ్లు నవ్వుతారు" అని మెసేజ్ పెట్టాడు. దానికి ఇద్దరు బొటనవేళ్లు ఎత్తారు.

ఆ నవ్వేవాళ్లు ఎవరో నాకు చూడాలని ఉంది.

మాది గుంటూరు జిల్లా ఫిరంగిపురం వైపు పల్లె. 1951లో, పదిహేడేళ్లకి, కోడలిగా వచ్చింది. అప్పటికి సాగర్ డ్యాముకి శంకుస్థాపన కూడా కాలేదు. వానపడితే జొన్న, కంది, వరిగ. పడకపోతే ఏమీ లేదు. ఏడు కాన్పుల్లో ఐదుగురు దక్కారు. నాన్నని కన్న ఇరవయ్యో రోజుకి కలుపులో ఉంది. తుమ్మ కొమ్మకి చీర ఉయ్యాల కట్టి, సాలు చివరికి వచ్చినప్పుడల్లా పాలిచ్చి మళ్లీ వెళ్లేది. 1967 ఆగస్టులో ఇందిరాగాంధీ సాగర్ కాలువలకి నీళ్లు వదిలింది. కుడి కాలువ మా పొలాల దాకా వచ్చాక ఊరి దశ తిరిగిందని అందరూ చెబుతారు. ఆమెకి పని రెట్టింపయిందని ఎవరూ చెప్పరు. నీళ్ల వంతు రాత్రి రెండింటికి వస్తే లాంతరు పట్టుకుని వెళ్లి మడవ తిప్పింది ఆమె. తాతయ్య మంచివాడే, కాదనను. కానీ గుడి పనులు, పంచాయితీలు అంటూ ఊళ్లోనే ఉండేవాడు.

ఇక మిరప. గుంటూరు జిల్లా వాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కల్లంలో ఎండుకాయ రాశి ముందు పీట వేసుకుని, ముక్కుకీ నోటికీ కొంగు బిగించి కూర్చునేది. ఎర్రకాయ ఒక పక్కకి, తాలుకాయ ఒక పక్కకి. ఆ చేతులతో జపమాల ముట్టుకోకూడదని ఆమె పట్టింపు. అందుకని వేళ్ల మీద లెక్కపెట్టేది. వేలికొక మంగళవార్త జపం, అంటే మరియమాత ప్రార్థన. పది వేళ్లూ అయ్యాక ఒక తాలుకాయ తీసి ఒళ్లో వేసుకునేది. ఒళ్లో ఐదు కాయలు పడితే జపమాల పూర్తయినట్టు. ఈ లెక్క నేను పక్కన కూర్చుని చూశాను. రాత్రికి చేతులు మండిపోతుంటే మజ్జిగ గిన్నెలో ముంచుకుని కూర్చునేది. ఆ సీజన్‌లో మాకు అన్నం చేత్తో కలిపి పెట్టేది కాదు, చెంచాతో పెట్టేది. మా నోళ్లు మండుతాయని.

విజయవాడ గుణదల కొండ మీద మరియమాత తిరునాళ్లు ఫిబ్రవరి 9, 10, 11. సరిగ్గా మిరప కోతలప్పుడు. పదకొండో తేదీ పూజ చూడాలని ఎంత ఆశపడేదో! రాత్రి బస్సుకి వెళ్లి, కొండెక్కి మొక్కుకుని, తెల్లారేసరికి కూలీల కంటే ముందు చేలో ఉండేది. పదకొండో తేదీ కొండ మీద ఉన్న ఏడాది నాకు తెలిసి ఒక్కటి కూడా లేదు. ఇదా గృహిణి అంటే? ఇంట్లో ఎప్పుడుంది ఆ మనిషి?

భూస్థాపన రోజు అందరికంటే ఎక్కువ ఏడ్చింది నలభై ఏళ్లు ఆమె పక్క సాలులో కోత కోసిన దళిత పల్లెలోని పెద్దావిడ. "నాకంటే ముందు వంగేది, నా తర్వాత లేచేది" అంది. ఆమెని ఎవరూ ముందుకి రమ్మని పిలవలేదు. అది ఇంకో బాధ.

గ్రూపులో తర్వాతి మెసేజ్ నాన్నది. "అమ్మ పేరున సెంటు భూమి లేదు కదమ్మా, రైతు ఎలా అవుతుంది?"

సరే, ఆ మాట వచ్చింది కాబట్టి మాట్లాడుకుందాం. ఎందుకు లేదు నాన్నా? తాతయ్య వీలునామా రాయకుండా పోయారు. ఆరెకరాలు. మనం క్రైస్తవులం, మనకి 1925 నాటి భారత వారసత్వ చట్టం. పిల్లలున్న భార్యకి మూడో వంతు, మిగిలింది కొడుకులకీ కూతుళ్లకీ సమానం. ఎన్టీఆర్ హయాంలో ఆడపిల్లలకి ఆస్తి హక్కు వచ్చిందని ఊరంతా చెప్పుకున్నారే, అది హిందువుల చట్టం. మనవాళ్లకి అంతకుముందు అరవై ఏళ్ల నుంచే ఉంది. అంటే నాయనమ్మకి రెండెకరాలు. మిగతా నాలుగు ఐదుగురికి, తలా ఎనభై సెంట్లు. జరిగిందేమిటి? పెదనాన్నకి మూడు, నాన్నకి మూడు. ముగ్గురు అత్తలకి "కట్నాలు ఇచ్చాంగా". నాయనమ్మ చేత సంతకం పెట్టించారు. అరవై ఏళ్ల మనిషి ఆ తర్వాత ఇంకో ఇరవై ఏళ్లు కొడుకుల పొలంలో పనిచేసింది. 2014 దాకా. పీఎం కిసాన్ మొదలయ్యాక ఏడాదికి ఆరు వేలు, మూడు విడతలుగా, గుంటూరు టౌన్‌లో ఉండే మా నాన్న అకౌంట్లో పడ్డాయి. నాన్న చేలో దిగి నాకు తెలిసి పాతికేళ్లయింది. ఆయన రైతు. ఆమె కాదు.

ఇది మా ఇంటి సంగతే అనుకోకండి. భూమి పేరున లేకపోయినా సాగుచేసే ఆడమనిషిని రైతుగా గుర్తించాలని ఎం.ఎస్. స్వామినాథన్ గారు 2012లో రాజ్యసభలో బిల్లు పెట్టారు. చట్టం కాకుండానే పోయింది. అంతెందుకు, రైతుల పాలక పునీతుడు (పేట్రన్ సెయింట్) ఇసిదోరు. మే 15న ఆయన పండుగ. 1622లో పునీత పట్టం ఇచ్చారు. ఆయన భార్య మరియ కూడా పల్లెటూరి కష్టజీవే. ఆమెకి 1697లో ధన్యురాలి పట్టం ఇచ్చారు, అది పునీత పట్టానికి ఒక మెట్టు కింద. దేవుడి దగ్గర ఈ తేడా ఉండదని నా నమ్మకం. అయినా నాకు కడుపు మండుతుంది.

మాతృమూర్తి అనే మాట తీసేయమని నేను అనలేదు. ఉండనివ్వండి, నూటికి నూరు పాళ్లు నిజం. దాని ముందు రెండక్షరాలు వేయడానికి ఏమొచ్చింది?

అన్నయ్య ఫైనల్ చేసేశాడట, ప్రింటింగ్‌కి వెళ్లిపోయిందట. సరే. నా కార్డులు నేనే వేయిస్తున్నాను, రెండు వందలు. ఫొటో కూడా ఏదో పెళ్లిలో తీసిన పట్టుచీర ఫొటో కాదు. కల్లంలో కొంగు ముక్కుకి కట్టుకుని ఉన్నది. పేరు కింద "రైతు, 1951 – 2014". గురువారం పూజ అయ్యాక గుడి గుమ్మం దగ్గర నేనే నిలబడి ఇస్తాను. నాన్నకి కూడా ఇస్తాను.

ఇది రాస్తుండగా పెద్దత్త ఫోన్ చేసింది. గ్రూపులో ఒక్క మాట మాట్లాడని మనిషి. "నాకు పది కార్డులు విడిగా ఉంచమ్మా" అంది.