పడ్డాక తుంటికి ఆపరేషన్ కాదు, పడకముందే పాదానికి ఆసరా కావాలి

పెద్దవాళ్లు పడిపోతే "వయసైపోయింది కదా" అని సరిపెట్టుకుంటాం. నా పేచీ ఆ మాటతోనే. అరికాలిలో స్పర్శ తగ్గడం, చీలమండ బిగుసుకుపోవడం, అడుగు తీసేటప్పుడు వేళ్లు నేల నుంచి సరిగా లేవకపోవడం లాంటివి మనిషిని పడేస్తాయి. వీటిని ముందే కనిపెట్టొచ్చు. కొందరికి పాదాన్నీ చీలమండనూ కలిపి పట్టి ఉంచే బ్రేస్‌తో ఆసరా ఇవ్వొచ్చు.

సమస్య ఎంత పెద్దదో కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పడిపోవడం వల్ల ఏటా 6,84,000 మంది చనిపోతున్నారు. వారిలో అరవై దాటినవాళ్లే ఎక్కువ.

నిటారుగా నిలబడ్డామనుకున్నప్పుడు కూడా ఒళ్లు సన్నగా ఊగుతూనే ఉంటుంది. అరికాలి మీద బరువు ఎటు మళ్లిందో చర్మం, చీలమండ ఎంత వంగిందో కీలు మెదడుకు చెబుతుంటాయి. ఆ కబురు అందగానే పిక్క కండరాలు సర్దుకుంటాయి. వయసుతో ఈ కబురు ఆలస్యమవుతుంది, ఏళ్ల తరబడి షుగర్ ఉంటే కొన్నిసార్లు రానే రాదు. బ్రేస్ చీలమండ పక్కలకు మడతపడకుండా ఆపుతుందని అందరికీ తెలుసు. నన్ను ఎక్కువ ఆకట్టుకునేది దాని రెండో పని. షుగర్ వల్ల నరాలు దెబ్బతిన్నప్పుడు స్పర్శ పోవడం సాధారణంగా వేళ్ల దగ్గర మొదలై పైకి పాకుతుంది. అందుకే పాదం మొద్దుబారినా మోకాలి కింది భాగానికి ఇంకా తెలుస్తూ ఉండొచ్చు. ఒళ్లు కాస్త వాలగానే బ్రేస్ అక్కడి చర్మాన్ని నొక్కుతుంది. అరికాలు పంపలేని కబురు పైనుంచి వెళ్తుంది.

నడకలోనూ అంతే. అడుగు ముందుకు పడేటప్పుడు వేళ్లకూ నేలకూ మధ్య ఎడం ఒకటి రెండు సెంటీమీటర్లే. పక్షవాతం తర్వాత పాదం కిందికి వేలాడేవారికి ఆ కాస్త కూడా మిగలదు, చాప అంచు చాలు. పాదాన్ని పైకి పట్టి ఉంచే బ్రేస్ ఆ ఎడాన్ని తిరిగి ఇస్తుంది.

బ్రేస్ అలవాటైతే కండరాలు సోమరిపోతులైపోతాయని, రుజువులు చాలవని కొందరు డాక్టర్లు అంటారు. రెండో మాటలో నిజముంది. బ్రేస్ మీద జరిగిన పరీక్షలు చాలావరకు చిన్నవి, అవి ఒంటి ఊగుడును కొలిచినంతగా పడిపోవడాన్ని లెక్కపెట్టలేదు. కానీ పాదం మీద శ్రద్ధ పెడితే ఫలితం ఉంటుందనడానికి గట్టి ఆధారమే ఉంది. ఆస్ట్రేలియాలోని మెల్‌బోర్న్‌లో పాదాల నొప్పి ఉన్న 305 మంది పెద్దవాళ్ల మీద చేసిన అధ్యయనం 2011లో వెలువడింది. బూట్ల లోపల పెట్టే మెత్తలు (ఇన్సోళ్లు), తగిన చెప్పుల సలహా, పాదం-చీలమండ వ్యాయామాలు కలిపి ఇచ్చినవారిలో పడిపోవడం 36 శాతం తగ్గింది. అక్కడ వాడింది బ్రేస్ కాదు, నిజమే. అయినా పాదం దగ్గర మొదలుపెడితే పడిపోవడం తగ్గుతుందని అది చూపింది. ఇక కండరాల సంగతంటారా, వాటిని అసలు తినేసేది కుర్చీ.

పెద్దాయన ఒకసారి పడగానే ఇంట్లోవాళ్లు ప్రేమతోనే "కదలకండి, కూర్చోండి, ఏం కావాలన్నా మేం తెస్తాం" అంటారు. ఆయనకూ లోపల భయం పట్టుకుంటుంది. నడక తగ్గుతుంది, కాళ్లలో బలం పోతుంది, మళ్లీ పడే అవకాశం పెరుగుతుంది. భద్రత పేరుతో మనిషి నడకను లాగేసుకోవడం పెద్దవాళ్లకు మనం చేస్తున్న అన్యాయాల్లో పెద్దది. ఇంట్లో తనంతట తాను బాత్రూమ్‌కి వెళ్లి రావడం వారి హక్కు. బ్రేస్ వేసుకోవడానికి సిగ్గుపడేలా చేసేదీ మనమే. చూపు తగ్గితే కళ్లజోడు పెట్టుకున్నవాళ్లను ఎవరూ జాలిగా చూడరు, కాలికి బ్రేస్ కనిపిస్తే మాత్రం చూపులు మారిపోతాయి.

అలాగని కనిపించిన బ్రేస్ కొని తగిలించమని కాదు. కొలత తీసి అమర్చాలి, అది పట్టేంత వెడల్పు బూటు ఉండాలి, వ్యాయామం ఆపకూడదు. స్పర్శ లేని కాలికి ఒరుసుకుపోయినా తెలియదు కనుక, విప్పిన ప్రతిసారీ చర్మం ఎర్రబడిందేమో ఎవరో ఒకరు చూడాలి. వీటన్నిటికంటే ముందు డాక్టరు సాక్సులు విప్పించి పాదం చూడాలి, నాలుగడుగులు నడిపించి చూడాలి. బీపీ చూడకుండా పంపని ఆస్పత్రులు ఈ రెండూ చేయకుండా అరవై దాటినవాళ్లను ఎలా పంపిస్తున్నాయి?