తొమ్మిది పాయింట్ల కాపురం

(ఆదివారం మధ్యాహ్నం. భోజనాల బల్ల. మర్నాడు క్లబ్బులో జంటల బ్రిడ్జి పోటీ ఉంది. అవతలి జట్టు ముక్కలు రెండు పక్కలా బోర్లా పెట్టి, వాళ్లు ప్రతిసారీ పాస్ అంటున్నారనుకుని, భార్యాభర్తలిద్దరూ బిడ్డింగ్, అంటే ఆటకి ముందు పాడే వేలం, ప్రాక్టీసు చేస్తున్నారు. కామేశం బ్యాంకులో లోన్ల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాడు. జానకి లెక్కల టీచరుగా రిటైరైంది. గొడవకి ఇంతకంటే కారణం అక్కర్లేదు.)

కామేశం: ఒకటి ఇస్పేటు.

జానకి: ఊఁ...

కామేశం: ఊఁ అనేది బిడ్ కాదు.

జానకి: ఆలోచిస్తున్నానండీ.

కామేశం: ఇంతసేపు ఆలోచిస్తే నీ చేతిలో ఏదో ఉందని నాకు తెలిసిపోతుంది. అలా తెలియడం తప్పు. రేపు అవతలివాళ్లు పోటీ నడిపే డైరెక్టర్ని పిలుస్తారు.

జానకి: మీరు దగ్గినా పిలుస్తారు. 2013లో బాలీలో జరిగిన ప్రపంచ పోటీల్లో ఇద్దరు జర్మన్ డాక్టర్లు దగ్గుతో సైగలు చేసుకున్నారని తేల్చి నిషేధించారు. మీ దగ్గుమందు పొద్దున్నే వేసుకుని మరీ రండి.

కామేశం: నాది నిజం దగ్గు!

జానకి: అది డైరెక్టర్‌కి చెప్పుకోండి. రెండు ఇస్పేట్లు.

కామేశం: (ముక్కలు బల్ల మీద పెట్టేసి) రెండా? నోరారా రెండు అన్నావా?

జానకి: నా చేతిలో ఉన్నది తొమ్మిది పాయింట్లు. ఇస్పేటు ఆసుకి నాలుగు, ఆఠీన్ రాజుకి మూడు, డైమన్ రాణికి రెండు. ఆరు నుంచి తొమ్మిది దాకా ఉంటే రెండు అనాలి. పది నుంచి పన్నెండు ఉంటే మూడు అనాలి. తొమ్మిది ఎందులోకి వస్తుందో ఆరో తరగతి పిల్లాడు చెప్తాడు.

కామేశం: ఇస్పేట్లు ఎన్ని?

జానకి: నాలుగు.

కామేశం: కళావర్లు?

జానకి: రెండు.

కామేశం: మరి! తురుపులు నాలుగుండి, పక్కన ఒక రంగు రెండే ఉంటే ఒక పాయింటు కలుపుకోవాలి. తొమ్మిదీ ఒకటీ పది. మూడు ఇస్పేట్లు!

జానకి: 34 మార్కులొచ్చినవాడికి ఒకటి కలిపి పాస్ చేయించమని ఇలాగే వచ్చేవాళ్లు తండ్రులు.

కామేశం: కలిపేదానివా?

జానకి: పేపరు చూసి కలిపేదాన్ని. (ముక్కలు మళ్లీ చూసుకుని) సరే, నాలుగు తురుపులున్నాయి కాబట్టి కలుపుతున్నాను. మీరు అరిచారని కాదు. మూడు ఇస్పేట్లు.

(బ్రిడ్జి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఒక్కొక్కరికి 13 ముక్కలు. ఆసుకి 4, రాజుకి 3, రాణికి 2, జాకీకి 1 చొప్పున పేక మొత్తంలో 40 పాయింట్లు. బిడ్‌లో ఎంత అంటే దానికి ఆరు కలిపి అన్ని ట్రిక్కులు గెలవాలి; నలుగురూ తలో ముక్క వేస్తే ఒక ట్రిక్కు. బిడ్‌లో చెప్పిన రంగే తురుపు, నో ట్రంప్ అంటే తురుపు లేదని. నాలుగు ఇస్పేట్లు అంటే పది ట్రిక్కులు, ఆరు అంటే పన్నెండు, దాన్నే స్లామ్ అంటారు. నాలుగు ఇస్పేట్లకి గేమ్ బోనస్, స్లామ్‌కి దానిమీద ఇంకో పెద్ద బోనస్. కామేశం లాంటివాళ్లు చెడిపోయేది ఆ రెండో బోనస్ దగ్గరే.)

కామేశం: (చేతులు రుద్దుకుంటూ) నాలుగు నో ట్రంప్.

జానకి: అయ్యో.

కామేశం: అయ్యో ఏమిటి? బ్లాక్‌వుడ్! నీ దగ్గర ఆసులు ఎన్నున్నాయో చెప్పు.

జానకి: అది నాకు తెలుసు. అయ్యో అన్నది మీ గురించి. ఐదు డైమన్లు. అంటే ఒక్క ఆసు.

కామేశం: ఒక్కటేనా?

జానకి: ఇందాక విప్పి చెప్పాను కదండీ, ఇస్పేటు ఆసని! తెలిసిందే మళ్లీ ఎందుకు అడిగారు?

కామేశం: పద్ధతి ప్రకారం అడగాలి కదా. నువ్వు నోటితో చెప్పింది బిడ్డింగ్‌లో చెల్లదు.

జానకి: మీ దగ్గర ఎన్ని ఆసులు?

కామేశం: ఒకటి. ఆఠీన్‌ది.

జానకి: ఒకటీ ఒకటీ రెండు. మిగతా రెండూ అవతల ఉన్నాయి. స్లామ్ లేదు. ఇప్పుడు ఆగాలన్నా ఐదు ఇస్పేట్ల దగ్గరే ఆగాలి. నాలుగు దాటిపోయి వచ్చారు.

కామేశం: ఐదు ఇస్పేట్లు. అడగడంలో తప్పేముంది? ఊరికే అడిగాను.

జానకి: బ్రిడ్జిలో ఊరికే ఏదీ అడగరు. అడిగిన ప్రతిసారీ మెట్టు ఎక్కుతారు. ఈస్లీ బ్లాక్‌వుడ్ అనే ఆయన ఎవరనుకున్నారు? ఇన్సూరెన్స్ కంపెనీలో ఉద్యోగం చేసిన మనిషి. స్లామ్ ఎక్కించడానికి కాదు, రెండు ఆసులు లేనిచోట స్లామ్ జోలికి పోకుండా ఆపడానికి పెట్టాడు దాన్ని. మీ బ్యాంకు బుద్ధి కదా, లోన్ శాంక్షన్ చేసేశాక కాగితాలు అడుగుతారు.

కామేశం: నా 18 పాయింట్లు చూసి మాట్లాడు! ఇస్పేటు రాజు, రాణి, జాకీ, కింద రెండు చిన్నవి. ఆఠీన్ ఆసు. డైమన్ రాజు. కళావర్ రాజు, రాణి. పైగా నీ దగ్గర డైమన్ రాణి ఉందని నాకు ముందే తెలుసు.

జానకి: ఎలా తెలుసు? నేనింకా చెప్పకముందే?

కామేశం: (నాలిక కరుచుకుని) అంచనా.

జానకి: (ముక్క తిప్పి చూసి) ఏవండీ! డైమన్ రాణి వెనక పసుపు మరక!

కామేశం: అది నువ్వు పులిహోర కలిపిన రోజు రమ్మీ ఆడినప్పటిది.

జానకి: అంటే అప్పటినుంచీ రమ్మీలో మీరు ఆ ముక్క చూసుకునే ఆడుతున్నారా? పండక్కి మా అన్నయ్య దగ్గర గెలిచింది కూడా ఇలాగేనా?

కామేశం: రమ్మీని ఏమీ అనకు. 1968లో సుప్రీంకోర్టే చెప్పింది, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో ఆడే ఆట అని. అదీ మన సికింద్రాబాద్ క్లబ్బు కేసులోనే.

జానకి: ఆ తీర్పులో బ్రిడ్జి ప్రస్తావన కూడా ఉంది. పసుపు మరక ప్రస్తావన లేదు. ఇక ఆ బోర్లా పెట్టినవి తిప్పండి, మీ ఐదు ఇస్పేట్లు ఏమవుతాయో చూద్దాం.

(తిప్పారు. కామేశం మొహం మెల్లగా కిందికి దిగింది.)

జానకి: కళావర్ ఆసు అటు పోతుంది, ఒకటి. మీ డైమన్ రాజు వెనకే ఆసు, జాకీ, పది, మూడూ ఒకే చేతిలో కూర్చున్నాయి. మీ డైమన్లు మూడూ, నావి నాలుగూ. ఎటునుంచి ఆడినా రెండు ట్రిక్కులు పోతాయి. మొత్తం మూడు. పదమూడులోంచి మూడు తీసేస్తే?

కామేశం: పది.

జానకి: నాలుగు ఇస్పేట్లకి పదే కావాలి. అక్కడ ఆగుంటే, వల్నరబుల్‌గా ఉన్నామనుకోండి, అంటే బోనసూ జరిమానా రెండూ పెరిగే ఆటలో, 620. మీ ఐదు ఇస్పేట్లకి మైనస్ 100. ఒక్క ప్రశ్నకి 720 ఖర్చు.

కామేశం: నువ్వు మూడు అనకుండా రెండే అనుంటే నేను స్లామ్ ఆలోచించేవాణ్నే కాదు.

జానకి: (ఒక్క క్షణం మాట రాక) రెండే కదండీ నేనన్నది! మీరే కదా మూడు చేయించింది!

కామేశం: గట్టిగా నిలబడాల్సింది.

జానకి: నా తొమ్మిదీ మీ 18 కలిపితే 27. గేమ్‌కి చాలు. స్లామ్‌కి సుమారు 33 కావాలి. ఆ ఆరు పాయింట్లూ ఎవరిస్తారు మీకు?

కామేశం: ఆశ ఉండాలి జానకీ. 2018లో జకార్తా ఆసియా క్రీడల్లో బ్రిడ్జిలో మనకి బంగారు పతకం తెచ్చింది ఎవరు? ప్రణబ్ బర్ధన్, శివనాథ్ సర్కార్. ఒకాయనకి 60 ఏళ్లు, ఇంకొకాయనకి 56. మనకి మాత్రం ఏం తక్కువ?

జానకి: వాళ్లిద్దరూ భార్యాభర్తలు కారు.

(కాసేపు ఇద్దరూ మాట్లాడలేదు. జానకి ముక్కలు కలుపుతోంది. కామేశం డైమన్ రాణిని తడిగుడ్డతో తుడుస్తున్నాడు. మరక ఇంకాస్త పరుచుకుంది.)

కామేశం: అసలు నాకు కోపం ఎక్కడొస్తుందంటే, నువ్వు ఉన్నది ఉన్నట్టు చెప్పవు. పోయినవారం నేను ఒకటి నో ట్రంప్ అన్నాను. నువ్వు రెండు కళావర్లు అన్నావు. కళావర్లున్నాయేమో అని పాస్ అన్నాను. తీరా చూస్తే నీ దగ్గరున్న కళావర్లు రెండు!

జానకి: అది స్టేమన్! మీ దగ్గర నాలుగు ఇస్పేట్లో నాలుగు ఆఠీన్లో ఉన్నాయా అని అడగడం. కళావర్లకీ దానికీ సంబంధం లేదు. ఏ క్లబ్బులో చూసినా అందరూ ఆడేదే.

కామేశం: కళావర్లు లేకుండా కళావర్లనడం ఏం మర్యాద?

జానకి: మీ అక్కగారింట్లో కాఫీ తాగుతారా అంటే “అబ్బే, ఇప్పుడే తాగొచ్చాం” అంటారు మీరు. దానర్థం తాగుతాననే కదా? ఆవిడ పాస్ అని లోపలికి వెళ్లిపోతే ఊరుకుంటారా?

కామేశం: మా అక్క ఊసు ఎందుకిప్పుడు?

జానకి: వేలంలో నోటితో అనగలిగేవి మొత్తం 38. ఏడు అంతస్తులు, ఒక్కో అంతస్తులో ఐదు, వెరసి 35. ఆపైన పాస్, డబుల్, రీడబుల్. ఈ 38తోనే మనసులో ఉన్నదంతా చెప్పుకోవాలి.

కామేశం: అది కూడా ఎక్కువే. మిగతా ఇల్లంతా ఊఁ, ఆఁలతో నడపట్లా?

జానకి: నడుపుతున్నది ఎవరు? అయినా మీరు కాస్త జాగ్రత్తగా ఉండండి. 1929లో అమెరికాలో కాన్సాస్ సిటీలో బెన్నెట్ దంపతులు పక్కింటివాళ్లతో బ్రిడ్జి ఆడారు. ఆయన ఒకటి ఇస్పేటు అన్నాడు. ఆవిడ నాలుగు ఇస్పేట్లు అంది. ఆయన ఆడి ఓడిపోయాడు. ఆవిడ ఏదో అంది, ఆయన చెంప మీద కొట్టాడు. ఆవిడ వెళ్లి వాళ్లమ్మ గదిలోంచి పిస్తోలు తెచ్చింది.

కామేశం: తెచ్చి?

జానకి: ఆయన పోయాడు.

కామేశం: (కుర్చీ కాస్త వెనక్కి జరిపి) ఆవిడకి శిక్ష పడలేదా?

జానకి: 1931లో నిర్దోషి అని వదిలేశారు.

కామేశం: జ్యూరీలో బ్రిడ్జి ఆడే ఆడవాళ్లు ఉండుంటారు.

జానకి: మగవాళ్లు ఆడేది చూసినవాళ్లు ఉన్నా చాలు. ఊఁ, పట్టండి ముక్కలు. రేపటికి ఒకటే షరతు. రెండు ఆసులు తక్కువయ్యేలా ఉంటే నాలుగు నో ట్రంప్ నోటెంట రాకూడదు.

కామేశం: తక్కువో కాదో తెలియాలంటే అడగాలి కదే!

జానకి: అడక్కండి!

(ముక్కలు పంచారు. కామేశం తనవి నాలుగుసార్లు సర్దుకున్నాడు. పెదాలు కదులుతున్నాయి, పాయింట్లు లెక్కపెట్టుకుంటున్నాడు. కళ్లలో మెరుపు చూస్తే పదిహేడుకి తక్కువ ఉండదు.)

కామేశం: ఒకటి ఇస్పేటు.

జానకి: నాలుగు ఇస్పేట్లు.

కామేశం: (ఉలిక్కిపడి) ఒకేసారి నాలుగా? పాయింట్లున్నాయా అంత?

జానకి: ఐదు. కానీ ఇస్పేట్లు కూడా ఐదున్నాయి. పుస్తకంలో ఒప్పే బిడ్డే. మధ్యలో మీరు ఏమీ అడగడానికి చోటుండదు.

కామేశం: ఒకటి ఇస్పేటు, నాలుగు ఇస్పేట్లు... జానకీ, ఇది ఆ కాన్సాస్ సిటీ వాళ్ల బిడ్డింగ్ కదూ?

జానకి: అదే. పాస్ అనండి, ఆడి చూపించండి.

కామేశం: పాస్. (ముక్కలు పరుస్తూ) మీ అమ్మగారు ఊళ్లోనే ఉన్నారు కదా?