గొర్రె గడ్డి తెచ్చి చూపించదు

డిసెంబరులో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరి మొదట్లో విజయవాడ పుస్తక మహోత్సవం. రెండుచోట్లా వ్యక్తిత్వ వికాసం పుస్తకాలున్న స్టాళ్ల ముందు కాలేజీ పిల్లలు కనిపిస్తారు. ఆ పుస్తకాల మధ్యే మార్కస్ అరీలియస్, సెనెకా, ఎపిక్టెటస్ లాంటి స్టోయిక్ తత్వవేత్తలూ ఉంటారు. మన చేతిలో లేనివాటికి కుంగిపోకుండా, మన చేతిలో ఉన్నదాన్ని సరిగ్గా చేయమనే ప్రాచీన గ్రీకు, రోమన్ ఆలోచనా మార్గం వాళ్లది. పాతికేళ్లలోపు వాళ్లు రెండువేల ఏళ్లనాటి ఆలోచనను కొనుక్కుని చదవడం నిజంగా సంతోషించాల్సిన విషయం. చిక్కల్లా చదివే తీరుతోనే. ఏడాదికి యాభై పుస్తకాలని లక్ష్యం పెట్టుకున్నవారికి ఎపిక్టెటస్ చిన్న పుస్తకం ఒక్క సాయంత్రం పని. అలా చదివితే అందులోంచి దక్కేది దాదాపు ఏమీ ఉండదు.

ఆ పుస్తకం గ్రీకు పేరు ఎంకిరీడియన్. చేతిలో ఉంచుకునేది అని అర్థం. మొత్తం 53 చిన్న భాగాలు. ఎపిక్టెటస్ బానిసగా బతికి విముక్తి పొందినవాడు. చక్రవర్తి డొమిషియన్ తత్వవేత్తలను రోమ్ నుంచి వెళ్లగొట్టాక గ్రీసులోని నికోపోలిస్‌లో బడి నడిపాడు. తానుగా ఏమీ రాయలేదు. శిష్యుడు అరియన్ ఆ పాఠాలు రాసుకుని, వాటి సారాన్ని ఇలా కుదించాడు. అవసరం పడ్డప్పుడు వెంటనే గుర్తుకు రావాలని చేసిన పుస్తకం కాబట్టి దాన్ని ఎక్కాల పుస్తకంలా వాడాలి.

సోషల్ మీడియాలో తిరిగేది ఎక్కువగా మొదటి భాగమే: మన చేతిలో ఉన్నవేవి, లేనివేవి అనేది. 46వ భాగం దాకా ఓపికగా వెళ్తే మన చదువు మీదే ప్రశ్న ఎదురవుతుంది. ఎంత తిన్నానో చూడమని గొర్రె గడ్డి తెచ్చి కాపరి ముందు పెట్టదు, లోపల అరిగించుకుని ఉన్నీ, పాలు ఇస్తుంది అంటాడు ఎపిక్టెటస్. 52వ భాగం ఇంకా సూటిగా ఉంటుంది. అబద్ధం ఆడకుండా ఉండటం మొదటి పాఠం, ఎందుకు ఆడకూడదో నిరూపించడం రెండోది, నిరూపణ అంటే ఏమిటో పరిశీలించడం మూడోది. మనం మూడోదాని దగ్గరే కాలమంతా గడిపి మొదటిదాన్ని వదిలేస్తున్నామని ఆయన బాధ.

ఒక్కో భాగానికి మూడు రోజులు ఇవ్వండి. మొత్తం 159 రోజులు, అంటే అయిదు నెలలకు కాస్త ఎక్కువ. మొదటి రోజు ఆ భాగాన్ని ఇంట్లో అమ్మతో మాట్లాడే తెలుగులో నాలుగు వాక్యాలుగా రాయాలి. ఇంగ్లిష్ అనువాదంలోని మాట ఏదైనా అలాగే మిగిలిపోయిందంటే అక్కడ అర్థం కాలేదని గుర్తు. రెండో రోజు దాన్ని ఒక పనికి ముడిపెట్టాలి. ఉదాహరణకు నాలుగో భాగం: స్నానశాలకు వెళ్లేముందు అక్కడ నీళ్లు చల్లేవారు, తోసేవారు, తిట్టేవారు, దొంగిలించేవారు ఉంటారని ముందే తలచుకో అంటుంది. మనకు అది ఉదయం తొమ్మిదింటి సిటీ బస్సు. కాలు తొక్కుతారు, చిల్లర దగ్గర గొడవవుతుంది. స్టాపులో నిలబడ్డప్పుడే ఇవన్నీ అనుకుని, గమ్యం చేరడంతోపాటు మనసు చెదరకుండా చూసుకోవడమూ నా పనే అని చెప్పుకోవాలి. మూడో రోజు రాత్రి ఏం జరిగిందో మూడు లైన్లు రాయాలి.

ఎక్కువమంది తడబడేది ఈ మూడు లైన్ల దగ్గరే. నాలుగు రోజులకే అది తనను తాను తిట్టుకునే డైరీ అయిపోతుంది. దీపం తీసేశాక రోజంతా చేసినవీ అన్నవీ వరసగా తలచుకునేవాడినని సెనెకా కోపం గురించిన రచనలో చెబుతాడు. మళ్లీ ఇలా చేయకు, ఈసారికి క్షమిస్తున్నాను అని తనకు తాను చెప్పుకోవడం కూడా అందులో భాగమే. మిమ్మల్ని మీరు క్షమించుకునే ఆ వాక్యం మీ పేజీలో లేకపోతే కలపండి.

రెండో పొరపాటు పోటీ పరీక్షలకు చదివేవాళ్లలో కనిపిస్తుంది. ర్యాంకు నా చేతిలో లేదు అన్న మాటను చదువు తగ్గించుకోవడానికి వాడేస్తారు. వాళ్లు 29వ భాగం చదవాలి. ఒలింపిక్స్‌లో గెలవాలనుకుంటే ముందు తిండికి నియమం, ఎండలోనూ చలిలోనూ సాధన, వైద్యుడి మాట విన్నట్టు శిక్షకుడి మాట వినడం, చీలమండ బెణకడం, ఇసుక మింగడం, అంతా పడ్డాక ఓడిపోవడం కూడా ఉంటాయని లెక్కగట్టి, అప్పటికీ కావాలనిపిస్తే దిగమంటాడు. గ్రూప్స్‌కు సిద్ధమయ్యేవారు ఏళ్లు, ఖర్చు, వయోపరిమితి కాగితం మీద వేసుకోవడం ఇదే పని.

స్టోయిక్ మార్గానికి వైరాగ్యం అన్న తెలుగు మాట వాడటం కూడా దారి తప్పిస్తుంది. 43వ భాగం ప్రతి విషయానికీ రెండు పిడులుంటాయంటుంది: అన్న అన్యాయం చేస్తే అన్యాయం అనే పిడి పట్టుకోకు, కలిసి పెరిగిన అన్న అనే పిడి పట్టుకో. అది బంధాలు తెంచుకోమనే మాట ఎలా అవుతుంది?

వారాల తరబడి నిద్ర, ఆకలి పోయినవారికి మాత్రం పుస్తకం చాలదు. డాక్టరును కలవాలి, లేదా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేయాలి.

53 భాగాలూ అయ్యాక ఇంకా కావాలనిపిస్తే అరియన్ రాసుకున్న పూర్తి పాఠాలున్నాయి. కాలానికి మిగిలినవి నాలుగు సంపుటాలే.