కౌజు చేసుకున్న పాపం

కౌజు పిట్టను ఉచ్చేసి పట్టడం నేరమని 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం అంటుంది. మూడేళ్ల దాకా జైలు కూడా ఉంది. రాసినవాళ్లు ఢిల్లీలో కూర్చుని రాశారు కాబట్టి అసలు ముద్దాయి ఎవరో విచారించలేదు. మా కడప జిల్లాలో ఏ బీడులోనైనా ఒక తెల్లవారుజామున కూర్చుని ఉంటే తెలిసేది, తప్పంతా కౌజుదేనని.

మగ కౌజు రెండు రేగు పొదలూ ఒక చెదపుట్టా ఉన్న కాస్త జాగాను తనదనుకుంటుంది. పాసుపుస్తకం లేదు, సర్వే నంబరు లేదు. అయినా పొద్దు పొడవకముందే గొంతు చించుకుని ఊరంతటికీ చాటుకుంటుంది. ఆ హద్దులో ఇంకో మగ కౌజు కూసిందా, ఇక ఆగదు. రెక్కలున్న సంగతి మరిచి కాళ్ల మీదే ఉరుకుతుంది. వేటగాడికి కావలసింది అదే. పంజరంలో దీమం పిట్టను, అంటే ఎరగా పెంచిన కౌజును పెట్టి, చుట్టూ ఉరులు పన్ని, బీడీ కూడా ముట్టించకుండా కంప చాటున కూర్చుంటాడు. ఉరులు పూర్వం గుర్రపు తోక వెంట్రుకలతో పేనేవాళ్లు. ఇప్పుడు గుర్రం పెళ్లి ఊరేగింపుకే దొరకడం లేదు, అందుకని నైలాన్ దారం.

గట్టు మీద జానెడు జాగా కోసం పన్నెండేళ్లుగా కోర్టుకు తిరుగుతున్న మా మామ ఇదంతా చూసి, "పిట్టకు బుద్ధి లేదురా అబ్బోడా" అన్నాడు. వాయిదాకు టైమవుతోందని వెంటనే బస్సెక్కాడు.

దీమం పిట్టను మాత్రం మెచ్చుకోవాలి. తనవాళ్లను పిలిచి ఉరికి అప్పజెప్పడమే దాని ఉద్యోగం. మేతకు లోటు లేదు, ఎండపడితే పంజరం మీద గుడ్డ కప్పుతారు. కూరైపోతానన్న టెన్షన్ లేని కౌజు ఈ చుట్టుపక్కల అదొక్కటే.

వేటగాడినీ చులకనగా చూడకండి. కలివి కోడి అనే అరుదైన పిట్ట 1900 తర్వాత ఎవరికీ కనబడక, అంతరించిందనే అనుకున్నారు. 1986లో మా జిల్లాలోనే, రెడ్డిపల్లె దగ్గర, రాత్రిపూట లైటు వేసి దాన్ని పట్టి తెచ్చింది ఒక పిట్టల వేటగాడే. పెద్ద చదువులకు ఎనభై ఆరేళ్లు చిక్కనిది ఆయన చేతికి చిక్కింది. పిట్ట బతకలేదు. దాని పుణ్యాన లంకమల అభయారణ్యమైంది.

ఇక తినేవాళ్ల సంగతి. అల్లుడొస్తే సంగటిలోకి ఫారం కోడి పెట్టడం మర్యాద కాదు, అడవి కౌజే కావాలి. హైవే దాబాలవాళ్లు ఈ బలహీనత ఎప్పుడో కనిపెట్టారు. షెడ్డులో పెరిగిన జపాన్ క్వెయిల్‌కు కౌజని పేరు పెట్టి, కారం దట్టించి వడ్డిస్తున్నారు. "అడవి పిట్ట రుచే వేరు" అంటూ మా అల్లుడు ఎముకలు కూడా నమిలాడు. చట్టానికి భంగం లేదు, అల్లుడి పరువుకూ భంగం లేదు. నేనూ నోరు మెదపలేదు.

ఇప్పుడు దీమాలకూ ఉద్యోగ గండం వచ్చింది. కౌజు కూత సెల్‌ఫోన్‌లోనే దొరుకుతోంది. మొన్న మా ఊరి కుర్రాడొకడు వంక పక్కన ఉరులు పన్ని, ఫోన్ మోగించాడు. అవతలి గట్టు నుంచి జవాబు వచ్చింది. ఇతను సౌండు పెంచాడు, అవతలా పెరిగింది. గంటసేపు రెండువైపులా ఒకటే పౌరుషం. చివరికి ఓపిక పట్టలేక కంపలో పాక్కుంటూ వెళ్లి చూస్తే, ఎదురుగా పక్కూరివాడు, చేతిలో ఫోను, మోకాళ్ల మీద పాక్కుంటూ వస్తున్నాడు.

ఆ వంక ఏ ఊరిదన్న పంచాయితీ ఆదివారం పెట్టుకున్నారు.