ఆశ పెట్టేది తెలుగులో, కండిషన్ ఇంగ్లీషులోనా?

తిరుపతి గాంధీ రోడ్డులో పండగ ముందర ఒకసారి నడిచి చూడండి, '50 శాతం తగ్గింపు' అని తెలుగులో ఇంతింత లావు అక్షరాలు, పక్కన చిన్న స్టార్, ఆ స్టార్ సంగతేమో బోర్డు అడుగున చీమల్లాంటి ఇంగ్లీషు అక్షరాల్లో. ఇది అన్యాయం అని నా అభిప్రాయం.

'అప్ టు 50 పర్సెంట్' అంటే 50 అనేది పైహద్దు, అంతే. ఒక మూల నాలుగు చీరలకి సగం తగ్గించి మిగతా షాపంతా 5 పర్సెంటే ఇచ్చినా మాట తప్పలేదంటారు. కార్డు ఆఫర్లూ అంతే, '10 పర్సెంట్, అప్ టు 1,500' అంటే 30,000 ఫోన్ మీద 3,000 రాదు, 1,500 దగ్గరే ఆగిపోతుంది. బిల్లు కౌంటర్ దగ్గర మన పెద్దోళ్ళు 'అదేంది నాయనా, బోర్డు మీద సగం అని రాసినారు కదా' అంటే ఆ పిల్లోడు 'కండిషన్స్ అప్లై అమ్మా' అంటాడు, ఇంక ఆమె ఏమీ అడగదు, సంచిలోంచి డబ్బులు తీసి ఇచ్చేస్తుంది.

ఇక్కడ అమెరికాలో మనకీ తప్పడం లేదు. 'నో ఇంట్రెస్ట్ ఇఫ్ పెయిడ్ ఇన్ ఫుల్ ఇన్ 12 మంత్స్' అని ఫర్నిచర్ షాపుల్లో పెడతారు, కథంతా ఆ 'ఇఫ్'లోనే ఉంది. 1,200 డాలర్ల సోఫాకి గడువులోపల 1,100 కట్టి 100 మిగిలిందనుకోండి, వడ్డీ ఆ 100 మీదే కాదు, కొన్న రోజు నుంచి ఎప్పుడెంత బాకీ ఉందో దానంతటి మీదా లెక్కగట్టి ఒకేసారి వేస్తారు. '0 పర్సెంట్ ఇంట్రో ఏపీఆర్' (అంటే మొదట కొన్నాళ్ళు ఏడాది వడ్డీ రేటు సున్నా) అయితే వేరు, గడువు దాటాక మిగిలిన బాకీకే వడ్డీ. కొత్తగా వచ్చిన మన పిల్లలకి ఈ తేడా ముందే చెప్పండి, దయచేసి.

ఊర్లో రూల్ లేక కాదు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద 2022 జూన్‌లో వచ్చిన గైడ్‌లైన్స్ ప్రకారం ప్రకటన ఏ భాషలో ఉంటే కండిషన్ కూడా ఆ భాషలోనే, అదే ఫాంటులో ఉండాల. '5,000 పైన కొంటేనే', 'కొన్ని రకాల మీదే', 'స్టాకు ఉన్నంత వరకే' అని రాయడానికి ఏం కష్టం? చిత్తూరులో మామిడికాయలమ్మే అక్క కూడా 'రెండు కేజీలు తీసుకుంటేనే ఈ రేటు' అని కాయ చేతికి ఇవ్వకముందే చెప్తుంది కదా.

సెలవులకి ఊరికి పోయినప్పుడు అట్లాంటి బోర్డు కనపడితే ఊరికే తిట్టుకుని వచ్చేయకుండా ఫోటో తీసి, అమ్మానాన్నల చేత 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయించండి.